కొత్త పంచాయతీ కార్యదర్శికి: ఒత్తిళ్ల మధ్య నిజాయితీగా పనిచేయడం ఎలా?

పంచాయతీ కార్యదర్శిగా చేరిన మొదటి నెలలోనే మీకు ఒక సంగతి అర్థమైపోతుంది. పైన ఎంపీడీఓ, పక్కన సర్పంచ్, ఫోన్లో నాయకుల మనుషులు, గుమ్మంలో ఊరి జనం. మీ చేతిలో ఉండేది ఒక స్టాంపు, ఒక పెన్ను, కొన్ని రిజిస్టర్లు. ఎవరికి ఏ పని కావాలన్నా అది చివరికి మీ సంతకం దగ్గరికే వస్తుంది. ఒత్తిడీ అక్కడికే వస్తుంది.

ట్రైనింగుల్లో నిజాయితీ గురించి చాలా చెప్తారు. కుర్చీలో కూర్చున్నాక మాత్రం ఈ కాగితం మీద సంతకం పెట్టాలా వద్దా అన్నదే ప్రశ్న. నేను చూసినంతలో పంచాయతీల్లో జరిగే తప్పులు ఎక్కువ భాగం తేదీ దగ్గర మొదలవుతాయి. పాత తేదీతో ఇచ్చిన ఇంటి పర్మిషన్, నెల తర్వాత రాసిన తీర్మానం, పని కాకముందే అయినట్టు రాసిన కొలతలు, రాని రోజున వేసిన హాజరు. అందుకే మొదట ఈ ఒక్క నియమం పెట్టుకోండి. ఏ కాగితం మీదైనా మీరు నిజంగా సంతకం పెట్టిన రోజు తేదీయే వేయండి. సగం చిక్కులు దీంతోనే ఆగిపోతాయి. మిగతా సగానికి ఏం చేయాలో వరసగా రాస్తున్నాను.

చార్జి తీసుకునే రోజు తొందరపడకండి

పాత కార్యదర్శి రిలీవ్ అయ్యే తొందరలో ఉంటారు. "అన్నీ బీరువాలో ఉన్నాయి తమ్ముడూ, ఇక్కడ ఒక సంతకం పెట్టేయ్" అంటారు. మంచి మనిషే కావచ్చు. అయినా బీరువా తెరవకుండా సంతకం పెట్టకండి.

ముందు క్యాష్ బుక్కు తీసి చివరి నిల్వ చూడండి. బ్యాంకు నుంచి అదే రోజు స్టేట్‌మెంటు తెప్పించి పక్కన పెట్టండి. రెండూ కలవకపోతే ఎంత తేడా ఉందో చార్జి లిస్టులోనే రాయండి. తర్వాత రసీదు పుస్తకాలు. వాడినవి ఎన్ని, వాడనివి ఎన్ని, వాటి వరస నంబర్లు ఏమిటి అన్నది ఒక్కొక్కటీ రాసుకోండి. మధ్యలో ఒక పుస్తకం లేదంటే, దాంతో ఊళ్లో ఎవరో పన్ను వసూలు చేస్తూ ఉండవచ్చు. ఆ తర్వాత మినిట్స్ బుక్కులు, ఎంబీలు (పనుల కొలతలు రాసే పుస్తకాలు), ఇంటి పన్ను డిమాండు రిజిస్టరు, స్టాకు రిజిస్టరు, జనన మరణాల రిజిస్టర్లు, ఆన్‌లైన్ చెల్లింపులను ఆమోదించే డిజిటల్ కీలు చూడండి.

లేనివాటిని "అందలేదు" అని స్పష్టంగా రాసి, ఇద్దరూ సంతకాలు పెట్టి, ఒక కాపీ ఎంపీడీఓ ఆఫీసులో ఇచ్చి అక్కడ ముద్ర వేయించుకోండి. దీన్ని ఎవరి మీదా ఫిర్యాదుగా అనుకోనక్కర్లేదు. రెండేళ్ల తర్వాత ఆడిట్ వచ్చినప్పుడు మీ ముందటి ఖర్చుకు మీరు జవాబు చెప్పుకోవాల్సిన పని ఉండదు, అంతే.

మినిట్స్ బుక్కులో ఖాళీ వదలకండి

కొన్ని పంచాయతీల్లో ఒక అలవాటు ఉంది. సమావేశం అయ్యాక వార్డు సభ్యులందరి చేతా సంతకాలు పెట్టించుకుని, పైన అర పేజీ ఖాళీగా ఉంచుతారు. "తర్వాత ఏదైనా అవసరం పడితే రాసుకుందాం" అన్నది దాని ఉద్దేశం. ఆ అర పేజీలోకి ఎప్పుడో ఒక రోజు ఒక లేఔట్ తీర్మానమో, ఎవరికీ తెలియని కొనుగోలో వచ్చి చేరుతుంది. కింద ఉన్న సంతకాలు నిజమైనవే కాబట్టి బాధ్యత అందరి మెడకూ చుట్టుకుంటుంది. సభ్యులకు విషయం తెలిసేది నోటీసు వచ్చాకే.

మీరు ఇలా చేయండి. సమావేశంలో కూర్చున్నప్పుడే తీర్మానాలు రాయండి. ప్రతి తీర్మానానికీ నంబరు వేయండి. చివరి తీర్మానం అయిన వెంటనే "ఈ రోజు మొత్తం ఏడు తీర్మానములు మాత్రమే ఆమోదించబడినవి" అని అక్షరాల్లో రాయండి. దాని కింద అడ్డగీత కొట్టి, పేజీలో మిగిలిన భాగాన్ని కూడా గీతతో కొట్టేయండి. అప్పుడు అందరికీ వినపడేలా చదివి సంతకాలు తీసుకోండి. చదువు రాని సభ్యులు ఉంటే వేలిముద్ర పక్కన "చదివి వినిపించడమైనది" అని రాయండి. ఎవరైనా ఒప్పుకోకపోతే వారి అసమ్మతిని కూడా పేరుతో సహా రాయాలి. ఇంటికి వెళ్లే ముందు ఆ పేజీలను ఫోన్లో ఫొటో తీసి పెట్టుకోవడం కూడా మంచిదే.

మొదటిసారి గీత కొట్టినప్పుడు కొందరి మొహాలు మారతాయి. మూడో సమావేశానికి అదే పద్ధతిగా అలవాటవుతుంది.

డబ్బు విషయంలో

ఆన్‌లైన్ చెల్లింపుల డిజిటల్ కీలు ఎవరివి వారి దగ్గరే ఉండాలి. చాలా చోట్ల అన్ని కీలూ, వాటి పాస్‌వర్డులు రాసిన చీటీతో సహా, ఒకే కంప్యూటర్ ఆపరేటర్ డ్రాయర్లో ఉంటాయి. ఒకరు బిల్లు పెట్టాలి, ఇంకొకరు చూసి ఆమోదించాలి అని ఇద్దరికి అధికారం ఇచ్చిందే ఒకరి మీద ఒకరి కన్ను ఉండాలని. కీలన్నీ ఒక్క చేతిలో ఉంటే ఆ కన్ను మూసుకున్నట్టే. ఆపరేటర్ ఎంత నమ్మకస్తుడైనా ఆ బరువు అతని మీద వేయకండి. ఏదైనా జరిగితే మొదట పోయేది అతని ఉద్యోగమే.

ఇంటి పన్ను మీ సొంత ఫోన్‌పే నంబరుకు వేయించుకోకండి. "మీకే వేస్తా సార్, మీరు కట్టేయండి" అని జనం మామూలుగా అంటారు. వాళ్లకు సులువే, మీకూ ఆ నిమిషానికి సులువే. కానీ మీ ఖాతాలో పడిన ప్రభుత్వ సొమ్ము ఒక్క రాత్రి ఉన్నా దానికి సంజాయిషీ చెప్పడం కష్టం. పంచాయతీ ఖాతా క్యూఆర్ కోడ్ గోడకు అంటించండి. నగదు తీసుకుంటే అక్కడికక్కడే రసీదు ఇచ్చి, ఆలస్యం చేయకుండా బ్యాంకులో జమ చేయండి.

బిల్లుల్లో లీకయ్యేది ఎక్కువగా చిన్న బిల్లుల దగ్గరే. సీసీ రోడ్డు బిల్లుకు ఏఈ కొలతలుంటాయి, ఎంబీ ఉంటుంది, పై వాళ్ల చెక్ మెజర్‌మెంటు ఉంటుంది. ట్రాక్టరు డీజిల్‌కు, బోరు మోటారు రివైండింగుకు, వీధి దీపాలకు, బ్లీచింగ్ పౌడరుకు అంత తనిఖీ ఉండదు. అందుకే వీటిని మీరే పట్టించుకోవాలి.

ట్రాక్టరు లాగ్‌బుక్కునే తీసుకోండి. నెలాఖరున ఒకేసారి కూర్చుని ఒకే పెన్నుతో నింపిన లాగ్‌బుక్కు చూడగానే తెలిసిపోతుంది. ప్రతి వరసలో ఒకే చేతిరాత, ఒకే సిరా, ఆదివారం కూడా నాలుగు ట్రిప్పులు. డ్రైవరు బండి తీసిన ప్రతిరోజూ మొదటి, చివరి అవర్ మీటరు రీడింగు, ఎక్కడికి వెళ్లింది, ఎన్ని ట్రిప్పులు అన్నది అప్పటికప్పుడే రాయాలి. వారానికోసారి మీరు వెళ్లి మీటరు చూసి పక్కన సంతకం పెట్టండి. డీజిల్ బిల్లును ఆ గంటలతో సరిచూడండి. మోటారు కాలిపోయిందంటే, ఏ వీధి బోరు, మోటారు నంబరు ఎంత, ఏ రోజు తీశారు, ఏ రోజు బిగించారు అన్నది వాటర్‌మన్ సంతకంతో రాయించండి. ఒకే మోటారు ఒకే వేసవిలో మూడుసార్లు కాలిందంటే మీ రిజిస్టరే మీకు చెప్తుంది. కొత్త బల్బు ఇవ్వాలంటే పాత బల్బు స్టాకులోకి రావాలి.

ఇంకో మాట. నిధులకు షరతులుంటాయి. 15వ ఆర్థిక సంఘం 2021–26 కాలానికి ఇచ్చిన గ్రాంట్లలో 60 శాతం టైడ్, అంటే చెప్పిన పనులకే వాడాల్సిన డబ్బు. అందులో సగం తాగునీటికి, సగం పారిశుద్ధ్యానికి. మిగతా 40 శాతం అన్‌టైడ్, దాన్ని స్థానిక అవసరాలకు వాడుకోవచ్చు గానీ జీతాలకు కాదు. "ముందు రోడ్డు వేసేద్దాం, డ్రైనేజీ పేరు మీద రాద్దాం" అని ఎవరైనా అంటే అది ఊరి మంచి కోసమే అయినా తప్పుడు రికార్డే. ఊరికి రోడ్డే కావాలంటే గ్రామ పంచాయతీ అభివృద్ధి ప్రణాళికలో పెట్టించి, అన్‌టైడ్ నిధుల నుంచి వేయించండి.

"పాత తేదీ వేసివ్వండి" అన్నప్పుడు

పట్టణానికి దగ్గరగా ఉన్న పంచాయతీలో పనిచేస్తుంటే ఇది తప్పదు. హైదరాబాద్, విజయవాడ, విశాఖ చుట్టుపక్కల ఊళ్లలో ఎకరం ధర పెరిగిన కొద్దీ కార్యదర్శి సంతకానికీ గిరాకీ పెరిగింది. లేఔట్‌కు సాంకేతిక ఆమోదం ఇచ్చే అధికారం పంచాయతీకి లేదు. డీటీసీపీ (పట్టణ, గ్రామ ప్రణాళిక శాఖ) గానీ ఆ ప్రాంతపు అభివృద్ధి సంస్థ గానీ ఇవ్వాలి. అయినా "గ్రామ పంచాయతీ అప్రూవ్డ్" అని బోర్డులు పెట్టి ప్లాట్లు అమ్మేస్తారు. ఆ బోర్డుకు ఆధారంగా ఎప్పుడో మారిపోయిన కార్యదర్శి పేరు మీద ఒక కాగితం కావాలి, లేదా మీ చేత ఐదేళ్ల కిందటి తేదీతో ఒక పర్మిషన్ కావాలి. ప్రభుత్వ స్థలంలో వేసిన రేకుల షెడ్డుకు ఇంటి నంబరు ఇవ్వమని అడిగేదీ ఇలాంటిదే. ఇంటి పన్ను రసీదుతో హక్కు రాదన్నది నిజమే. కానీ ఆ రసీదు చూపించి అమ్ముకునేవాళ్లకు, కొనే అమాయకుడికి ఆ తేడా తెలియదు. జీవితమంతా కూడబెట్టిన డబ్బు అక్కడ పోగొట్టుకునేది ఒక ఆటో డ్రైవరో, ప్రైవేటు స్కూలు టీచరో.

కాదని ఎలా చెప్పాలి? ఉపన్యాసం ఇవ్వకండి, కోప్పడకండి. ఏది చేయగలరో చెప్పి, ఏది చేయలేరో దాని పక్కనే చెప్పండి.

"సర్పంచ్ గారూ, ఇవాళ దరఖాస్తు పెట్టించండి. రూల్లో ఉన్నదైతే ఈ వారంలోనే చేసిస్తాను. పాత తేదీ మాత్రం వేయలేను."

"అందరూ వేస్తున్నారు కదా సెక్రటరీ గారూ, మీరొక్కరే ఎందుకిలా?"

"రేపు కేసైతే నాతోపాటు మీ పేరూ వస్తుంది. అది నాకిష్టం లేదు."

ఈ చివరి మాట నిజం కూడా. చాలామంది సర్పంచులు చెడ్డవాళ్లు కారు. ఎన్నికల్లో ఖర్చు పెట్టుకుని, వెంట తిరిగిన మనుషులకు మాటిచ్చి ఇరుక్కున్నవాళ్లు. "సెక్రటరీ ఒప్పుకోవట్లేదు" అని వాళ్ల మనుషులకు చెప్పుకునే వెసులుబాటు మీరిస్తే, లోపల్లోపల సంతోషించేవాళ్లూ ఉన్నారు. కాబట్టి నలుగురిలో కాదనకండి. పక్కకు పిలిచి, ఒంటరిగా, మర్యాదగా చెప్పండి.

అయినా నోటిమాటతో ఒత్తిడి చేస్తూనే ఉంటే నోట్ ఫైల్ తెరవండి. ఫలానా తేదీన ఫలానా పని చేయమని మౌఖికంగా చెప్పారు, ఫలానా నిబంధన ప్రకారం కుదరదు, రాతపూర్వక ఆదేశం కోరుతున్నాను, అని మూడు వాక్యాలు రాసి పెట్టండి. రాతలో ఇమ్మనేసరికి తొంభై శాతం ఆదేశాలు ఆగిపోతాయి. పంచాయతీయే చట్టానికి విరుద్ధంగా తీర్మానం చేస్తే, అమలు చేసే ముందు ఆ విషయం పై అధికారికి రాసి పంపాల్సింది మీరే. సొంతంగా తీర్మానాన్ని పక్కన పడేయడం గానీ, గుడ్డిగా అమలు చేయడం గానీ రెండూ వద్దు.

లంచం మీ చేతి దాకా రానక్కర్లేదు

అవినీతి నిరోధక చట్టం 1988 ప్రకారం లంచం మీరు స్వయంగా తీసుకున్నా, వేరే వ్యక్తి ద్వారా తీసుకున్నా ఒకటే. శిక్ష మూడేళ్లకు తగ్గదు, ఏడేళ్ల దాకా ఉంటుంది. 2018 సవరణ తర్వాత ఇచ్చినవాడిదీ నేరమే. బలవంతం మీద ఇచ్చి ఏడు రోజుల్లోపు అధికారులకు చెప్తే మినహాయింపు ఉంది. ఏసీబీ వాళ్లు నోట్లకు ఫినాఫ్తలీన్ పౌడరు పూసి పంపుతారని, సోడా నీళ్లలో చేతులు కడిగిస్తే గులాబీ రంగు వస్తుందని పేపర్లలో చదివే ఉంటారు. ఆ గ్లాసు పక్కన తలవంచుకుని కూర్చున్న వాళ్లలో కార్యదర్శులూ ఉంటున్నారు. అందులో కొందరు ఉద్యోగంలో చేరి రెండు మూడేళ్లు కూడా కానివాళ్లు. ఆ ఫొటోలు చూసినప్పుడల్లా నాకు వాళ్ల అమ్మానాన్నలే గుర్తొస్తారు.

మీరు తీసుకోకపోయినా మీ పేరు మీద తీసుకునేవాళ్లు ఉంటారని గుర్తుపెట్టుకోండి. ఆఫీసు అరుగు మీద రోజూ కూర్చునే పెద్దమనిషి "సెక్రటరీకి ఐదు వందలు ఇవ్వాలి" అని తీసుకుని జేబులో వేసుకుంటాడు. దీనికి మందు ఒక్కటే. ఏ పనికి ఎంత ఫీజు, ఏ కాగితాలు కావాలి, ఎన్ని రోజుల్లో అవుతుంది అన్నది పెద్ద అక్షరాల్లో గోడ మీద రాయించండి. "రసీదు లేకుండా ఎవరికీ డబ్బు ఇవ్వవద్దు" అన్న మాట, తెలంగాణలో అయితే ఏసీబీ టోల్‌ఫ్రీ నంబరు 1064 కూడా అక్కడే ఉండాలి. ఆ నంబరు మీ ఆఫీసు గోడ మీద మీరే రాయిస్తే అరుగు మీది పెద్దమనిషి తనంతట తనే చోటు మార్చేస్తాడు.

దరఖాస్తులు వచ్చిన వరసలోనే చూడండి. లంచానికి మూలం ఆలస్యమే. ఇరవై రోజులుగా తిరుగుతున్న మనిషి ఇరవై ఒకటో రోజున తనంతట తనే జేబులో చెయ్యి పెడతాడు.

సర్పంచ్ మహిళ అయితే

రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ పంచాయతీ పదవుల్లో సగం మహిళలకు రిజర్వ్ అయ్యాయి. అయినా ఫైలు తీసుకెళ్లేది భర్త, ఫోన్ ఎత్తేది భర్త, కుర్చీలో కూర్చునేదీ భర్తే అయిన ఊళ్లు చాలా ఉన్నాయి. ఇందులో మన తప్పు కూడా ఉంది. త్వరగా పనవుతుందని ఆయనకే ఫోన్ చేస్తాం.

"ఫైలివ్వు తమ్ముడూ, ఇంట్లో సంతకం పెట్టించి పంపిస్తా" అని ఆయన అంటే, "అన్నా, రేపు పొద్దున నేనే వచ్చి సర్పంచ్ గారికి చదివి వినిపించి పెట్టించుకుంటాను" అనండి. వెళ్లండి. ఇది ఏ పనికి, ఎంత ఖర్చు, ఎవరి పేరు మీద చెక్కు అని ఆమెకు తెలిసే మాటల్లో చెప్పండి. మొదట్లో "ఆయన్నడగండి" అనొచ్చు. నాలుగైదు సార్లయ్యాక ప్రశ్నలు మొదలవుతాయి. బిందెలు మోసేవాళ్లకు ఏ బోరు రెండు నెలలుగా పనిచేయడం లేదో బాగా తెలుసు. రివైండింగ్ బిల్లు చూసి "ఇదెప్పుడు బాగు చేశారు?" అని మొదట అడిగేది ఆమే కావచ్చు. సమావేశంలో సర్పంచ్ కుర్చీ ఆమెకే ఉండాలి. ఎస్సీ, ఎస్టీ సర్పంచ్ ఉన్న చోటా ఇంతే. ఆ కుర్చీ విషయంలో మొహమాటాలు పెట్టుకోకండి.

తెలంగాణలో 2018 చట్టం చెక్ పవర్‌ను సర్పంచ్, ఉపసర్పంచ్ ఇద్దరికీ కలిపి ఇచ్చింది. ఇద్దరికీ పడకపోతే కార్మికుల జీతాలు ఆగిపోతాయి. ఎవరో ఒకరి పక్షం చేరకండి. పెండింగు బిల్లుల జాబితా సమావేశంలో పెట్టి, ఎందుకు సంతకం పెట్టడం లేదో కారణం మినిట్స్‌లో రాయించండి. కారణం రాయాల్సి వస్తే సంతకాలు కదులుతాయి.

గ్రామసభలో లెక్కలు చదవండి

తెలంగాణ చట్టం ప్రకారం రెండు నెలలకోసారైనా గ్రామసభ జరగాలి. ఆంధ్రప్రదేశ్‌లో 2024 ఆగస్టు 23న ఒకే రోజు 13,326 పంచాయతీల్లో గ్రామసభలు పెట్టారు. సభ పెట్టడం కష్టం కాదు, జనం వచ్చేలా పెట్టడమే కష్టం. పొద్దున పదకొండింటికి పెడితే కూలికెళ్లేవాళ్లు రారు. ముందు రోజు సాయంత్రం ఎస్సీ కాలనీలోనూ తండాలోనూ చాటింపు వేయించండి, వాళ్లకు వీలైన వేళ చూడండి. ఇళ్లకు తిరిగి సంతకాలు సేకరించి గ్రామసభ జరిగినట్టు రాయడం కూడా పాత తేదీ లాంటి మోసమే.

లెక్కలు చదివే పద్ధతి ఉపాధి హామీ సామాజిక తనిఖీల నుంచి నేర్చుకోవచ్చు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2006లో అవి మొదలయ్యాయి, 2009లో ప్రత్యేక సొసైటీయే ఏర్పడింది. అక్కడ మొత్తం ఖర్చు ఇన్ని లక్షలు అని చదవరు. పేరు, పనిచేసిన రోజులు, అందిన రూపాయలు చదువుతారు. ఆ మనిషి అక్కడే లేచి అవుననో కాదనో చెప్తుంది. మీరూ అలాగే చదవండి. "విద్యుత్ నిర్వహణ, నలభై రెండు వేలు" అంటే ఎవరికీ ఏమీ తెలియదు. "రామాలయం వీధిలో ఆరు బల్బులు, హరిజనవాడ స్కూలు దగ్గర రెండు" అంటే వెంటనే ఎవరో ఒకరు "మా వీధిలో వేసింది నాలుగే" అంటారు. అదే మీకు కావాల్సిన ఆడిట్.

ఇలా చేస్తే పన్నులూ వసూలవుతాయి. వరంగల్ దగ్గర గీసుకొండ మండలంలోని గంగదేవిపల్లి గ్రామం ఇందుకు పేరు పొందింది. నీళ్లకో కమిటీ, పారిశుద్ధ్యానికో కమిటీ ఇలా పనులు జనమే పంచుకున్న ఊరది. తమ డబ్బు ఎటు పోతోందో కళ్లారా చూసేవాళ్లు పన్ను కట్టడానికి వెనకాడరు.

మీ కింద పనిచేసేవాళ్లు మిమ్మల్నే చూస్తుంటారు

పారిశుద్ధ్య కార్మికులకు జీతం నెలల తరబడి ఆగిన చోట కార్యదర్శి ఎంత నిజాయితీపరుడైనా వాళ్లకు ఒరిగేదేమీ లేదు. బిల్లు నెల చివరి రోజే పెట్టండి. మీ చేతిలో ఉన్నదేదో ఆలస్యం కాకుండా చేసి, ట్రెజరీలో ఆగిందో ఇంకెక్కడ ఆగిందో వాళ్లకు నిజం చెప్పండి. గ్లవ్స్, బూట్లు, సబ్బులు స్టాకు రిజిస్టరులో ఉండి వాళ్ల చేతుల్లో లేకపోతే ఆ సంతకం మీదే. కాలువలోకి దిగమనే ముందు ఒకసారి వాళ్ల చేతులు చూడండి. మీ హాజరు మీరే సరిగ్గా వేయాలి, యాప్‌లో ఫొటో ఇంకొకరితో పెట్టించడం మొదలుపెడితే మర్నాటి నుంచి వాళ్లను అడిగే నోరు మీకుండదు.

ఎవరైనా సమాచారం అడిగితే

సమాచార హక్కు దరఖాస్తు రాగానే టెన్షన్ పడి, పెట్టినవాడి ఇంటికి పెద్దమనుషుల్ని పంపేవాళ్లున్నారు. అలా చేయకండి. రెండు రాష్ట్రాల్లోనూ గ్రామ స్థాయిలో దరఖాస్తు ఫీజు లేదు. 30 రోజుల్లో సమాధానం ఇవ్వాలి. మీ దగ్గర లేని సమాచారమైతే ఐదు రోజుల్లో సంబంధిత ఆఫీసుకు పంపాలి. కారణం లేకుండా ఆలస్యం చేస్తే రోజుకు 250 రూపాయల చొప్పున 25,000 దాకా జరిమానా మీ జేబులోంచే పోతుంది. ఆదాయ వ్యయాలు, పనుల జాబితా, లబ్ధిదారుల పేర్లు నోటీసు బోర్డు మీద ముందే పెడితే సగం దరఖాస్తులు రానే రావు. దరఖాస్తులు పెట్టి బెదిరించి డబ్బు గుంజేవాళ్లూ ఉంటారు. రికార్డు సరిగా ఉన్న కార్యదర్శికి వాళ్లతో పనిలేదు. అడిగిన కాపీలు ఇచ్చి రసీదు తీసుకోండి.

ఆడిట్ పేరా (ఆడిట్ వాళ్లు రాసిన అభ్యంతరం) వస్తే కూడా దాచకండి. ప్రతి అభ్యంతరానికీ వోచర్ నంబరు, తీర్మానం నంబరు, ఎంబీ పేజీ జతచేసి గడువులోగా జవాబు పంపండి. జవాబు పంపిన కాపీ మీద తేదీతో ముద్ర వేయించుకుని ఒక సెట్టు ఆఫీసులో, ఒక సెట్టు మీ ఇంట్లో ఉంచుకోండి. బదిలీ అయిన ఆరేళ్లకు కూడా రికవరీ నోటీసులు వచ్చిన సందర్భాలున్నాయి. అప్పుడు పాత ఆఫీసు బీరువాలో ఆ కాగితం దొరుకుతుందన్న భరోసా లేదు.